చేతిలో తెల్లకర్ర, చెవిలో జీపీఎస్: హైదరాబాద్‌లో చూపు లేనివారి నడకకు సమగ్ర మార్గదర్శి

ఫోన్‌లోని మ్యాప్ మనల్ని వెళ్లాల్సిన వీధి దాకా తీసుకెళ్తుంది. అక్కడి నుంచి గేటు దాకా మిగిలే ఇరవై ముప్పై అడుగులే అసలు కష్టం. చూపున్నవాళ్లు తలెత్తి బోర్డు చదువుకుంటారు కాబట్టి ఆ కాస్త దూరాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మనకి అదే సగం ప్రయాణం. అందుకే ఇందులో ఒక పని గురించి మళ్లీ మళ్లీ చెప్తాను: మ్యాప్‌లో ఎవరో పెట్టిన గుర్తులతో సరిపెట్టుకోకండి, మీరు తిరిగే చోట్లకు మీ గుర్తులు మీరే పెట్టుకోండి. ఈ నగరంలో ఒంటరిగా తిరగాలనుకునే అంధులకు అంతకంటే పనికొచ్చే అలవాటు నాకు కనిపించలేదు.

ముందు ఇది తెలుసుకోండి: జీపీఎస్‌కి ఏం తెలుసు, ఏం తెలీదు

భూమికి దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరిగే ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను ఫోన్ అందుకుంటుంది. కనీసం నాలుగు ఉపగ్రహాలు అందితేనే మనం ఎక్కడున్నామో సరిగ్గా లెక్క కడుతుంది. 2000 మే నెల వరకు అమెరికా ప్రభుత్వం మామూలు జనానికి అందే సంకేతాన్ని కావాలనే చెడగొట్టి పంపేది. అప్పట్లో తేడా వంద మీటర్ల దాకా ఉండేది. ఇప్పుడు ఆకాశం బాగా తెరిచి ఉన్నచోట ఫోన్ చెప్పేదానికీ అసలు స్థానానికీ తేడా సుమారు ఐదు మీటర్లు.

కారులో పోయేవారికి ఐదు మీటర్లు లెక్కలోకి రాదు. మనకి మాత్రం రోడ్డుకి ఇటువైపు ఉన్నామా అటువైపు ఉన్నామా అన్నదే ఆ ఐదు మీటర్లలో తేలిపోతుంది. మీరు ఏ పక్క ఫుట్‌పాత్ మీద ఉన్నారో జీపీఎస్ నమ్మకంగా చెప్పలేదు. పైగా అది ఆకాశం బాగా తెరిచి ఉన్నచోటి లెక్క. హైటెక్ సిటీ, రాయదుర్గం వైపు అద్దాల మేడల మధ్య సంకేతం గోడలకు తగిలి చుట్టు తిరిగి వస్తుంది, తేడా పెరుగుతుంది. అమీర్‌పేట, పంజాగుట్టల్లో మెట్రో వంతెన కింద నడిచినా, అత్తాపూర్ దగ్గర పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద నడిచినా ఆకాశం సగం మూసుకుపోతుంది. చార్మినార్ దగ్గర పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద, పాతబస్తీ ఇరుకు గల్లీల్లో కూడా అంతే. ట్యాంక్‌బండ్ మీద మాత్రం ఒకవైపంతా హుస్సేన్‌సాగర్ నీళ్లే కాబట్టి ఫోన్ చాలా చక్కగా చెప్తుంది. కొత్తగా నేర్చుకునేవారు అక్కడి ఫుట్‌పాత్ మీదో, ఇందిరా పార్కులోనో మొదలుపెట్టమని అందుకే చెప్తాను.

మూత లేని మ్యాన్‌హోల్, నిన్న రాత్రి తవ్విన గుంత, ఫుట్‌పాత్‌కి అడ్డంగా పెట్టిన బండ్లు, తల ఎత్తులో వేలాడే కేబుల్ వైర్లు. వీటిలో ఏదీ మ్యాప్‌లో ఉండదు.

మొదటి మెట్టు: ముందు కర్ర, తర్వాత ఫోన్

తెల్లకర్రతో నడవడం బాగా అలవాటు కాకముందే నావిగేషన్ యాప్ పట్టుకుని రోడ్డెక్కొద్దు. చెవి యాప్ మీద, మనసు దారి మీద పెడితే కర్ర చెప్పేది వినేవారు ఉండరు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పునరావాస విభాగం ఉంది. చూపు కోల్పోయినవారికి కర్రతో నడక, దిక్కుల అవగాహన నేర్పుతారు. పెద్దయ్యాక చూపు పోయినవారు ముందు అలాంటి చోట శిక్షణ తీసుకుంటే మంచిది.

కర్ర నేలమీద ఉన్నవాటిని పట్టిస్తుంది గానీ నడుం పైన ఉన్నవాటిని పట్టించదు. ఆగి ఉన్న లారీ వెనక భాగం, కిందికి వంగిన ఫ్లెక్సీ బోర్డు, దుకాణం ముందు దించిన రేకు అంచు మొహానికి తగిలేదాకా తెలియవు. దీనికోసం ఐఐటీ ఢిల్లీ వాళ్లు తయారుచేసిన స్మార్ట్‌కేన్ అనే పరికరం ఉంది, 2014లో వచ్చింది. కర్ర పిడికి తగిలించుకుంటే శబ్ద తరంగాలతో మూడు మీటర్ల లోపు అడ్డాలను పసిగట్టి చేతికి వైబ్రేషన్ ఇస్తుంది. జీపీఎస్‌తో దీనికి సంబంధం లేకపోయినా రెండూ కలిస్తే నడక చాలా నిబ్బరంగా ఉంటుంది.

రెండో మెట్టు: ఫోన్ సిద్ధం చేసుకోవడం

స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఆండ్రాయిడ్‌లోని టాక్‌బ్యాక్, ఐఫోన్‌లోని వాయిస్‌ఓవర్ మీకు ఇప్పటికే వచ్చని అనుకుంటున్నాను. వాటిమీద ఇంకొన్ని సర్దుబాట్లు చేసుకోవాలి.

సెట్టింగ్స్‌లో లొకేషన్‌కి వెళ్లి గూగుల్ లొకేషన్ ఆక్యురసీ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఇది ఉంటే ఉపగ్రహాలతోపాటు చుట్టుపక్కల వైఫైలనూ టవర్లనూ వాడుకుని ఫోన్ స్థానం సరిచూసుకుంటుంది. తర్వాత ప్రతి మ్యాప్ యాప్‌కీ ప్రిసైస్ లొకేషన్ అనుమతి ఇవ్వండి. అది లేకపోతే యాప్‌కి మీరు ఏ ప్రాంతంలో ఉన్నారో సుమారుగా తెలుస్తుందంతే, ఏ వీధిలో ఉన్నారో తెలీదు. ఐఫోన్‌లోనూ ఇదే పేరుతో స్విచ్ ఉంటుంది. నడిచేటప్పుడు బ్యాటరీ సేవర్ ఆపేయండి. స్క్రీన్ ఆరిపోగానే అది లొకేషన్‌ని పక్కన పెట్టేసే ఫోన్లు చాలా ఉన్నాయి.

గూగుల్ మ్యాప్స్‌లో నావిగేషన్ సెట్టింగ్స్ తెరిచి, నడకకు సంబంధించిన భాగంలో డీటెయిల్డ్ వాయిస్ గైడెన్స్ అనే స్విచ్ ఆన్ చేయండి. ఇది 2019 అక్టోబర్‌లో ప్రపంచ దృష్టి దినం నాడు ప్రత్యేకంగా అంధుల కోసం వచ్చింది. మామూలు నడక సూచనలకంటే ఎక్కువగా మాట్లాడుతుంది: సరైన దారిలోనే ఉన్నారని మధ్యమధ్య చెప్తుంది, తర్వాతి మలుపు ఎంత దూరమో చెప్తుంది, పెద్ద రోడ్డు దాటాల్సి వస్తే ముందే హెచ్చరిస్తుంది, దారి తప్పితే కొత్త దారి వెతుకుతున్నానంటుంది. మొదట్లో ఇంగ్లిష్, జపనీస్ భాషల్లోనే ఇచ్చారు. మీ ఫోన్‌లో తెలుగు గొంతు పెట్టినప్పుడు ఆ స్విచ్ కనబడకపోతే నావిగేషన్ గొంతును ఇంగ్లిష్‌కి మార్చి చూడండి. టాక్‌బ్యాక్‌ని తెలుగులో ఉంచుకుని నావిగేషన్ ఒక్కటే ఇంగ్లిష్‌లో వినడంలో ఇబ్బందేమీ ఉండదు. రెండు గొంతులు వేరుగా ఉంటే ఏది ఫోన్ మాటో ఏది దారి మాటో వెంటనే తెలుస్తుంది కూడా.

చెవుల విషయంలో నాది ఖండితమైన అభిప్రాయం. రెండు చెవులూ మూసేసే ఇయర్‌ఫోన్లు పెట్టుకుని రోడ్డుమీద నడవొద్దు. మన చెవులే మన కళ్లు. ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు దొరుకుతాయి. అవి చెవి ముందు దవడ ఎముక మీద ఆనుకుంటాయి, చెవి రంధ్రం తెరిచే ఉంటుంది. వెనకనుంచి వచ్చే బండి హారనూ వినిపిస్తుంది, యాప్ మాటా వినిపిస్తుంది. వాటికి డబ్బు పెట్టలేకపోతే ఒక చెవికే మామూలు ఇయర్‌ఫోన్ పెట్టుకోండి, అదీ గోడల వైపు ఉన్న చెవికి. ట్రాఫిక్ వైపు చెవి ఖాళీగా ఉండాలి.

ఫోన్ చేతిలో పట్టుకుని నడవకండి. జేబులోనో, మెడలో వేసుకునే చిన్న సంచిలోనో పెట్టండి. రద్దీలో ఎవరైనా లాక్కుపోయే భయం తగ్గుతుంది, ఒక చేయి ఖాళీగా ఉంటుంది. వేసవిలో ఎండకు ఫోన్ వేడెక్కి, ఛార్జింగ్ త్వరగా అయిపోతుంది కాబట్టి చిన్న పవర్‌బ్యాంక్ తప్పనిసరి.

మూడో మెట్టు: ఏ యాప్ దేనికి

ఒక్క యాప్‌తో పని జరగదు. దారి చెప్పే యాప్ వేరు, చుట్టూ ఏముందో చెప్పే యాప్ వేరు. ఈ తేడా పట్టుకుంటే మిగతాదంతా సులువు.

దారి చెప్పడానికి గూగుల్ మ్యాప్స్. హైదరాబాద్ దుకాణాలు, ఆసుపత్రులు, ఆఫీసులు దీనిలో ఉన్నంతగా మరోచోట లేవు. ఒక లోపం గుర్తుంచుకోండి: మ్యాప్‌ని ముందే డౌన్‌లోడ్ చేసుకున్నా, నెట్ లేనప్పుడు కారు దారి మాత్రమే చెప్తుంది, నడక దారి చెప్పదు. అందుకే నెట్ లేకుండా పనిచేసే ఓస్‌మ్యాండ్‌ని కూడా ఫోన్‌లో ఉంచుకోండి. అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం వాడుతుంది, అంటే జనమే కలిసి తయారుచేసే ఉచిత మ్యాప్. నడక దారి ఆఫ్‌లైన్‌లోనే ఇస్తుంది.

చుట్టూ ఏముందో చెప్పడానికి ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ లాజరిల్లో ఉంది. చిలీ దేశంలో అంధుల కోసమే పుట్టిన యాప్ ఇది. నడుస్తుంటే దగ్గరలోని దుకాణాలు, వీధుల పేర్లు చెప్తూ పోతుంది. ఐఫోన్ ఉన్నవారు వాయిస్‌విస్టా తప్పక వేసుకోండి. మైక్రోసాఫ్ట్ 2018లో సౌండ్‌స్కేప్ అనే అద్భుతమైన యాప్ తెచ్చింది, 2023లో ఆపేసి దాని కోడ్‌ని అందరికీ వదిలేసింది. వాయిస్‌విస్టా ఆ కోడ్ నుంచే వచ్చింది. మీరు వెళ్లాల్సిన చోట ఒక శబ్దాన్ని పెడుతుంది. ఆ చోటు కుడివైపు ఉంటే కుడి చెవిలో, ఎడమవైపు ఉంటే ఎడమ చెవిలో మోగుతుంది. సరిగ్గా అటు తిరిగితే శబ్దం మారుతుంది. ఏ మలుపు తిరగాలో చెప్పదు, గమ్యం ఏ దిక్కునుందో మాత్రం చెవికి తెలుస్తూ ఉంటుంది. చివరి కొన్ని అడుగులకు మాటలతో చెప్పే దారికంటే ఇదే నయం. ఐఫోన్‌లోనే బ్లైండ్‌స్క్వేర్ కూడా ఉంది, కొంత ఖరీదు పెట్టి కొనాలి. ఫోన్‌ని ఊపితే ఎక్కడున్నారో చెప్తుంది.

బోర్డు చదివించుకోవడానికి, ఎదురుగా ఏముందో అడగడానికి బీ మై ఐస్ ఉంచుకోండి. మీ భాష తెలుగు అని పెట్టుకుంటే తెలుగు వచ్చిన వాలంటీర్‌కి వీడియో కాల్ వెళ్లే వీలుంది. ఇది నడుస్తూ వాడే యాప్ కాదు. ఒక పక్కకి జరిగి, నిలబడి వాడండి.

నాలుగో మెట్టు: ఇంట్లో కూర్చునే దారి వినండి

కొత్త చోటికి వెళ్లేముందు రోజు, ఇంట్లోనే గూగుల్ మ్యాప్స్‌లో నడక దారి పెట్టి, మలుపుల జాబితాను ఒక్కొక్కటిగా చదివించుకోండి. ఎన్ని మలుపులు, ఏ రోడ్లు, మొత్తం ఎన్ని మీటర్లు అనేవి మనసులో పడాలి. రోడ్డుమీద యాప్ మాట హారన్లలో కలిసిపోయినా, తర్వాత వచ్చేది ఎడమ మలుపే అని మీకు ముందే తెలిసి ఉంటుంది.

యాప్ "ఉత్తరం వైపు బయల్దేరండి" అన్నప్పుడు ఉత్తరం ఎటో తెలియాలి కదా. మీ కాలనీలో పెద్ద రోడ్డు ఏ దిక్కుకు పోతుందో ఒకసారి ఎవరినైనా అడిగి గట్టిగా గుర్తుపెట్టుకోండి. పొద్దున్నే అయితే మొహానికి తగిలే ఎండ తూర్పు చెప్పేస్తుంది.

మీ అడుగు ఎంత పొడవో కూడా తెలుసుకోండి. తిన్నని ఫుట్‌పాత్ మీద యాప్ "వంద మీటర్లలో మలుపు" అన్న దగ్గర్నుంచి మలుపు దాకా లెక్కపెట్టండి. రెండు మూడుసార్లు చేస్తే సగటు తెలుస్తుంది. ఇక ఆపైన యాప్ చెప్పే మీటర్లు మీకు అడుగుల్లో వినబడతాయి.

హైదరాబాద్ చిరునామాల సంగతి వేరే చెప్పాలి. వార్డు, బ్లాకు, ఇంటి నంబర్లను గీతలతో కలిపి రాసే మన ఇంటి నంబర్లను మ్యాప్‌లో కొడితే చాలాసార్లు ఎక్కడికో పట్టుకుపోతుంది. ఇక్కడ చిరునామా అంటే గుర్తే: ఫలానా గుడి వెనక గల్లీ, ఫలానా పెట్రోల్ బంక్ ఎదురుగా, మెట్రో పిల్లర్ నంబర్ ఇంత. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న ఎక్స్‌ప్రెస్‌వే కింద సగం చిరునామాలు పిల్లర్ నంబర్లతోనే చెప్తారు. మనకి ఆ నంబర్ కనబడదు. అయినా అడిగి రాసిపెట్టుకోండి, దారిన పోయేవారిని "ఇది ఎన్నో పిల్లర్ అన్నా?" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది. వెళ్లాల్సినవారి నుంచి మాటల్లో చిరునామాతోపాటు వాట్సాప్ లొకేషన్ కూడా తప్పకుండా తెప్పించుకోండి. అదీ వాళ్లు గేటు బయటికొచ్చి, గేటు ముందు నిలబడి పంపాలి. ఇంట్లో కూర్చుని పంపితే ఇంటి వెనక వీధిలోకి చేరే ప్రమాదం ఉంది.

ఐదో మెట్టు: సొంత గుర్తులు

గూగుల్ మ్యాప్స్‌లో ఒక పెద్ద ఆసుపత్రి పేరు కొడితే అది చూపే చుక్క చాలాసార్లు భవనం నడిమధ్యలో ఉంటుంది. గేటు ఎక్కడుందో ఆ చుక్కకు తెలియదు. కాంపౌండ్ గోడ చుట్టూ తిరిగి, గేటు లేని వైపు నిలబెట్టి "మీరు చేరుకున్నారు" అంటుంది. విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వ కార్యాలయాలు, అపార్ట్‌మెంట్ సముదాయాలు అన్నింటిదీ ఇదే కథ. దీనికి మందు ఒకటే. మొదటిసారి చూపున్న మనిషిని వెంటబెట్టుకుని వెళ్లండి, గేటు ముందు నిలబడి ఆ స్థానాన్ని మీరే దాచుకోండి.

మ్యాప్ మీద వేలు నొక్కి పెట్టి పిన్ వేయడం టాక్‌బ్యాక్‌తో చాలా చికాకు. అంతకంటే సులువైన పద్ధతి వాట్సాప్‌లో ఉంది:

1. వాట్సాప్‌లో మీ నంబర్‌కే మీరు మెసేజ్ పెట్టుకునే చాట్ తెరవండి.
2. అటాచ్ బటన్ నొక్కి, లొకేషన్ ఎంచుకోండి.
3. "సెండ్ యువర్ కరెంట్ లొకేషన్" అన్న వరుస దగ్గర ఆగి వినండి. ఎన్ని మీటర్ల తేడాతో కచ్చితమో అక్కడే చెప్తుంది. ఆ అంకె పెద్దగా ఉంటే తొందరపడకండి. కదలకుండా కాసేపు నిలబడితే తగ్గుతుంది. ఐదారు మీటర్లకు వచ్చాక పంపండి.
4. వెంటనే దాని కింద ఒక వాయిస్ మెసేజ్ పెట్టండి.

ఆ వాయిస్ మెసేజ్‌లో ఏం చెప్పాలన్నది చాలా ముఖ్యం. "బ్యాంకు గేటు" అని వదిలేస్తే సరిపోదు. "పెద్ద రోడ్డు నుంచి వస్తుంటే గేటు కుడివైపు. గేటు ముందు ఇనుప జాలీ మూత ఉంది, కర్ర తగిలితే గలగల మోగుతుంది. దానికి ముందు ఏటవాలు ఉంది. పక్కన జిరాక్స్ షాపు." ఇలా చెప్పండి. కర్రకు తగిలేవి, చెవికి వినిపించేవి, ముక్కుకు తెలిసేవి, పాదానికి అందేవి చెప్పండి. ఇరానీ హోటల్ చాయ్ వాసన, మసీదు అజాన్, గుడి గంట, పిండి మర చప్పుడు, జనరేటర్ రొద, చెరుకు రసం బండి గజ్జెల మోత. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ లాంటి గుట్టల మీది కాలనీల్లో ఎత్తుపల్లాలు గొప్ప గుర్తులు, ఎక్కడ ఎక్కుడు మొదలవుతుందో ఎక్కడ ఆగుతుందో పాదాలు మరిచిపోవు. బండ్లు రేపు ఉండకపోవచ్చు, వాసనలు పొద్దున్న ఒకటి సాయంత్రం ఒకటి. కాబట్టి ప్రతి చోటా కదలని గుర్తు ఒక్కటైనా ఉండాలి: మెట్టు, గుంజ, డ్రైన్ మూత, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె.

మళ్లీ అక్కడికి వెళ్లాల్సినప్పుడు ఆ లొకేషన్ మెసేజ్ మీద రెండుసార్లు తడితే మ్యాప్స్ తెరుచుకుంటుంది. అక్కడి నుంచి నడక దారి. వాయిస్‌విస్టా ఉన్నవారు అదే చోట మార్కర్ పెట్టుకోవచ్చు, లాజరిల్లోలో ఇష్టమైన స్థలంగా దాచుకోవచ్చు.

గమ్యాలకే కాదు, దారి మధ్యలో ప్రమాదాలకూ గుర్తులు పెట్టండి. ఫుట్‌పాత్ ఉన్నట్టుండి ఆగిపోయే చోటు, నాలా మీది ఇరుకు వంతెన, ఎడమ మలుపు బండ్లు ఆగకుండా దూసుకొచ్చే చౌరస్తా. మీరు రోజూ తిరిగే రెండు మూడు దారులకు ఇలా చేసుకుంటే, ఆ దారుల్లో మీకు పనికొచ్చే మ్యాప్ మీ దగ్గరే తయారవుతుంది.

ఆరో మెట్టు: బయల్దేరడం

నిలబడి ఉన్నప్పుడు మీరు ఎటు తిరిగి ఉన్నారో జీపీఎస్‌కి తెలియదు. అది స్థానం చెప్పేదే. దిక్కు చెప్పేది ఫోన్‌లోని దిక్సూచి. అది ఇనుముకు దగ్గరలో తికమక పడుతుంది: ఇనుప గేటు, ఆగి ఉన్న కారు, మెట్రో పిల్లర్‌లోని ఊచలు. అందుకే గేటు ముందే నిలబడి "ఎటు వెళ్లాలి" అని యాప్‌ని నమ్మి తిరగకండి. గేటుకి దూరంగా జరిగి ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె రాసినట్టు నాలుగైదుసార్లు తిప్పండి, దిక్సూచి సర్దుకుంటుంది. తర్వాత మీకు సరైనదనిపించిన వైపు ఓ పదిహేను అడుగులు తిన్నగా నడవండి. మీరు కదిలాక కదిలిన తీరునుబట్టి యాప్‌కి దిక్కు తెలుస్తుంది. తప్పు వైపైతే అప్పుడు చెప్తుంది. వెనక్కి తిరగడానికి పదిహేను అడుగులే కదా.

నడుస్తూ గోడ వైపు అంచుకి దగ్గరగా ఉండండి. యాప్ "కుడికి తిరగండి" అనగానే తిరక్కండి. ఐదు మీటర్ల తేడాను గుర్తు తెచ్చుకోండి. ఆ మాట వినగానే వేగం తగ్గించి, కర్రతో గోడ ఎక్కడ ఆగిపోతుందో వెతకండి. గోడ ఆగి, గాలి తగిలి, పక్కనుంచి బండ్ల చప్పుడు వస్తే అదే సందు. యాప్ మాటా కర్ర చెప్పిందీ కలిసినప్పుడే తిరగండి. రెండూ కలవకపోతే కర్రనే నమ్మండి.

ఏడో మెట్టు: రోడ్డు దాటడం

దాటమని ఏ యాప్ చెప్పినా దాటకండి. దాటాల్సిన చోటు ఎక్కడో మాత్రమే అది చెప్పగలదు, ఎప్పుడు దాటాలో దానికి తెలియదు. రోడ్డు అంచుకి రాగానే యాప్ మాటను ఆపేయండి. మీకు సమాంతరంగా పోయే ట్రాఫిక్ కదిలినప్పుడు, అడ్డంగా పోయేది ఆగినప్పుడు దాటాలన్నది పాఠం. మన దగ్గర ఎడమ మలుపు బండ్లు ఎర్రలైట్‌కి కూడా ఆగవు, రాంగ్ రూట్‌లో వచ్చే బైకులూ ఉంటాయి కాబట్టి ఆ పాఠం ఒక్కటే చాలదు. పెద్ద చౌరస్తాలో మనిషి సాయం అడగడంలో చిన్నతనమేమీ లేదు. సాయానికి వచ్చినవారు మన చేయి పట్టుకుని లాగనివ్వకండి. "అన్నా, మీ మోచేయి నేను పట్టుకుంటా, మీరు ముందు నడవండి" అని చెప్పండి. అప్పుడు వాళ్ల అడుగు ఎక్కితే దిగితే మనకి తెలుస్తుంది.

మెట్రో స్టేషన్ ఉన్నచోట రోడ్డు దాటాలంటే స్టేషన్‌నే వాడుకోండి. టికెట్ గేట్లకు ముందున్న భాగంలోంచి ఒకవైపు ఎక్కి మరోవైపు దిగొచ్చు, లిఫ్టులు ఉంటాయి. రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, ప్రాణానికి నిశ్చింత. ఉప్పల్ చౌరస్తాలో 2023లో తెరిచిన స్కైవాక్ కూడా ఈ పనికి బాగుంటుంది.

ఎనిమిదో మెట్టు: మెట్రో, బస్సు, ఆటో

మెట్రోలో ప్రకటనలు తెలుగులో వస్తాయి, నేలమీద కర్రకూ పాదానికీ తెలిసే గాడుల టైల్స్ ఉంటాయి, సిబ్బందిని అడిగితే తోడు వస్తారు. అక్కడ జీపీఎస్‌తో పనిలేదు. మనకి కావాల్సింది దిగాక ఏ ద్వారం అన్నది. స్టేషన్ ద్వారాలకు ఏ, బీ, సీ, డీ అని పేర్లుంటాయి. అమీర్‌పేట లాంటి రెండు లైన్లు కలిసే పెద్ద స్టేషన్‌లో తప్పు ద్వారం దిగితే రోడ్డుకి అవతలివైపు తేలతారు, జీపీఎస్ ఆ తేడా చెప్పదు. కాబట్టి మీ గుర్తుల్లో ద్వారం అక్షరాన్ని కూడా చేర్చండి.

సిటీ బస్సులో కండక్టర్‌కి ఎక్కగానే దిగే స్టాప్ చెప్పండి. దానితో ఆగకుండా లాజరిల్లోనో వాయిస్‌విస్టానో ఆన్‌లో ఉంచి దాటే వీధులు వింటూ ఉండండి, మీ స్టాప్‌కి ముందు స్టాప్ రాగానే లేచి తలుపు దగ్గరికి చేరొచ్చు. ఆర్టీసీ వారి గమ్యం యాప్‌లో బస్సు ఎక్కడుందో చూసుకోవచ్చు. అయితే బస్సు స్టాప్‌లో కాకుండా ముందుకో వెనక్కో ఆగడం మామూలే కాబట్టి, దిగాక యాప్‌లోని స్టాప్ గుర్తు మీద కాకుండా మీరు దిగిన చోటు నుంచే దారి కొత్తగా పెట్టుకోండి.

ఆటో, క్యాబ్ ఎక్కినప్పుడు మీ ఫోన్‌లో కూడా దారి పెట్టుకుని వినండి. డ్రైవర్ వేరే దారి పట్టాడేమో తెలుస్తుంది, దిగే చోటు దగ్గర పడిందనీ తెలుస్తుంది. "గేటు ఉన్న వైపే ఆపండి" అని ఎక్కేటప్పుడే చెప్పండి. దిగాక ముందు ఫుట్‌పాత్ ఎక్కండి, తర్వాత డబ్బు సంగతి.

ఒంటరిగా కొత్త చోటికి పోయేటప్పుడు ఇంట్లోవారికి వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ పెట్టండి. పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని మూడు రకాలుంటాయి. గంట పెడితే చాలు.

చివరి ఇరవై అడుగులు

"మీరు చేరుకున్నారు" అనే మాట వినగానే యాప్ పని అయిపోయింది. ఇప్పుడు మీ గుర్తుల వాయిస్ మెసేజ్ తీసి వినండి. మొదటిసారి వచ్చి గుర్తు లేకపోతే మనిషిని అడగండి, కానీ అడిగే తీరు ముఖ్యం. "క్లినిక్ ఎక్కడ?" అంటే "అదిగో, అక్కడే" అంటారు, చెయ్యి చూపిస్తారు. దానికి బదులు "క్లినిక్ గేటు నా ఎడమచేతి వైపా, కుడిచేతి వైపా? ఇక్కడి నుంచి ఎన్ని దుకాణాలు దాటాలి?" అని అడగండి. ఇలా అడిగితే మాటల్లో చెప్పక తప్పదు. చాలామంది దాంతో ఆగకుండా గేటు దాకా వచ్చి దింపుతారు, ఈ ఊళ్లో అది నేను ఎప్పుడూ మెచ్చుకునే గుణం. దింపాక వాళ్లకి థాంక్స్ చెప్పి, అక్కడే నిలబడి ఆ చోటును మీ నంబర్‌కి పంపుకోండి. రెండోసారి అడగాల్సిన పని ఉండదు.

దారి పూర్తిగా తప్పిపోయామనిపిస్తే నడక ఆపండి. తిరిగేకొద్దీ దిక్కు ఇంకా చెదిరిపోతుంది. గోడకు వీపు ఆనించి నిలబడి, యాప్‌లో ఎక్కడున్నారో వినండి. దగ్గర్లోని కిరాణా కొట్టుకో మందుల షాపుకో వెళ్లి ఇది ఏ కాలనీయో అడిగి, యాప్ చెప్పినదానితో సరిచూసుకోండి. రెండూ ఒకటే అయితే అక్కడి నుంచి కొత్తగా దారి పెట్టండి. కలవకపోతే ఆ దుకాణం ముందే ఆటో పిలవండి. వానాకాలంలో గట్టి వాన పడి రోడ్ల మీద నీళ్లు నిలిస్తే మాత్రం ఏ గుర్తూ పనిచేయదు, మ్యాన్‌హోల్ మూతలు తీసి ఉండొచ్చు. ఆ రోజు ఒంటరిగా నడవొద్దు.

విడి పరికరాలు కొనాలా?

విక్టర్ రీడర్ ట్రెక్ లాంటి, జీపీఎస్‌తో దారి చెప్పే విడి పరికరాలు అంధుల కోసమే చేసినవి. బటన్లు వేలికి తెలుస్తాయి, చేతి తొడుగు వేసుకున్నా నొక్కొచ్చు, పుస్తకాలూ చదివి వినిపిస్తాయి. టచ్ స్క్రీన్ పట్టుబడని పెద్దవారికి ఇవి బాగుంటాయి. కానీ ధర ఎక్కువ, ఫోన్‌లోలా దుకాణాల సమాచారం ఎప్పటికప్పుడు మారదు. కొనేముందు భారతదేశ మ్యాప్ ఉందా, హైదరాబాద్ వీధులు ఎంతవరకు ఉన్నాయి అని అడిగి, మీ వీధిలోనే నడిచి చూశాకే డబ్బు కట్టండి. ఫోన్ బాగా వచ్చినవారికి ఆ ఖర్చు అక్కర్లేదన్నది నా అభిప్రాయం. అదే డబ్బుతో మంచి బోన్ కండక్షన్ హెడ్‌ఫోన్లు, పవర్‌బ్యాంక్, స్మార్ట్‌కేన్ కొనుక్కోండి.

మ్యాప్‌లో తప్పు ఉంటే

గేటు తప్పుగా ఉందనో, దుకాణం మూసేశారనో తెలిస్తే గూగుల్ మ్యాప్స్‌లో ఆ స్థలం పేజీలోని "సజెస్ట్ యాన్ ఎడిట్" ద్వారా చెప్పొచ్చు, టాక్‌బ్యాక్‌తో అది కష్టం కాదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లోనైతే ఇంకా ఎక్కువ చేయొచ్చు. భవనానికి ద్వారం ఎక్కడుందో, రోడ్డు దాటే చోట గాడుల టైల్స్ ఉన్నాయో లేదో నమోదు చేసే వీలు అందులో ఉంది. వాయిస్‌విస్టా, ఓస్‌మ్యాండ్ వాడేది ఆ సమాచారాన్నే. మ్యాప్ మీద చుక్కలు పెట్టే పని మనకి కష్టం కాబట్టి కాలేజీ చదివే తమ్ముడినో చెల్లినో ఒక ఆదివారం కూర్చోబెట్టండి. మీరు దాచుకున్న వాట్సాప్ లొకేషన్లు, వాయిస్ మెసేజ్‌లు వినిపించి, ఒక్కో గేటునీ ఎక్కించమనండి. మీ కాలనీలోని మందుల షాపు, బ్యాంకు, బస్ స్టాప్, మెట్రో ద్వారాలతో మొదలుపెట్టండి.